దొర గొంతుకు సరిపడ్డ ఇల్లు

ఆ రోజుల్లో యానాంలో అపార్ట్‌మెంటు అంటే ఇంకా కొత్త సంగతే. గోదావరి మీద వంతెన వచ్చి ఎంతో కాలం కాలేదు. ఊళ్ళో నాలుగంతస్తుల భవనం ఎక్కడైనా లేస్తే జనం సాయంత్రం పూట ఆగి, తల వెనక్కి వాల్చి, అంతస్తులు లెక్కపెట్టుకుని మరీ వెళ్ళేవాళ్ళు. అద్దెకు ఇల్లు కావాలంటే ఇప్పట్లా ఫోనులో బొమ్మలు చూసి ఎంచుకోవడం కాదు. కాళ్ళరిగేలా తిరగాలి, ఓనరుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి, మనం ఎవరి తాలూకు అన్న దగ్గర్నుంచి రాత్రి ఎన్నింటికి లైటు ఆర్పేస్తామన్న దాకా అన్నిటికీ జవాబు చెప్పాలి. వీటన్నిటికీ నేను సిద్ధంగానే ఉండేవాణ్ణి. పెళ్ళికాని కుర్రాణ్ణి, ప్రైవేటు స్కూల్లో సైన్సు మాష్టారిని, అమలాపురం వైపు నుంచి వచ్చినవాణ్ణి, చెప్పుకోదగ్గ చెడ్డ అలవాట్లు లేనివాణ్ణి. నాకున్న ఇబ్బందల్లా ఒక్కటే. ఆ ఇబ్బందికి నాలుగు కాళ్ళు, ఒక తోక, బ్రహ్మాండమైన గొంతు ఉన్నాయి.

వాడి పేరు దొర. ఒళ్ళంతా మట్టిరంగు, పాదాలు మాత్రం తెల్లగా మేజోళ్ళు తొడుక్కున్నట్టు ఉండేవి, అందుకని ఆ పేరు. ఓ వానాకాలం పిల్లగా ఉన్నప్పుడు మా స్కూలు వరండాలోకి వచ్చి, సైన్సు క్లాసంతా శ్రద్ధగా విని (ఆ మాట మా ఎనిమిదో తరగతి పిల్లల గురించి చెప్పలేను), నా వెనకే ఇంటికొచ్చేశాడు. కరవడు, అనవసరంగా మొరగడు, చెప్పులు కొరకడు. పడుకోవడం మాత్రం నా చెప్పుల మీద తల పెట్టుకునే పడుకుంటాడు. ఇన్ని మంచి గుణాల మధ్య ఒక్కటే అలవాటు. ఎక్కడైనా శబ్దం సాగదీసినట్టు వినిపిస్తే చాలు, కూర్చుని, మెడ పైకెత్తి, కళ్ళు అరమోడ్చి దానితో గొంతు కలిపేవాడు. చర్చిలో గంట, గుళ్ళో శంఖం, మసీదులో అజాన్, మా స్కూల్లో విజిల్, వీధిలో పుల్లఐసు బండివాడి బూర, అన్నీ వాడికి సమానమే. ఆ విషయంలో వాడికున్నంత విశాల హృదయం ఊళ్ళో ఇంకెవరికీ లేదని నా నమ్మకం. ఇది తోడేళ్ళ నుంచి వచ్చిన లక్షణమనీ, దూరాన ఉన్న తనవాళ్ళను పలకరించడమనీ నేను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ వివరించేవాణ్ణి. కానీ మా వీధివాళ్ళకు తెలిసింది ఒక్కటే. కుక్క ఏడిస్తే ఎవరో ఒకరు పోతారు.

అప్పట్లో నేను ఫరంపేటలో ఓ పెంకుటింట్లో చిన్న పోర్షన్‌లో ఉండేవాణ్ణి. మా ఎదురింటి మామ్మగారు నిండా పండిపోయిన మనిషి. అప్పటికే ఆవిడ కొడుకులు రెండుసార్లు సెలవు పెట్టుకుని వచ్చి, తీరా ఆవిడ మంచం మీద లేచి కూర్చుని కాఫీ అడిగేసరికి తిరిగి వెళ్ళిపోయారు. అలాంటిది, ఓ మధ్యాహ్నం దొర చర్చి గంటతో తీరిగ్గా గొంతు కలిపాడు. ఆ వారంలోనే మామ్మగారు కాలం చేశారు. ఇంకేముంది! మామ్మగారి వయసు, ఆయాసం, చక్కెర జబ్బు అన్నీ పక్కకు పోయి మొత్తం నేరం దొర మీద పడింది. దినాలు అవగానే మా ఓనరు పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"బాబూ, మిమ్మల్నేటీ అనట్లేదండి. మీరు బంగారం లాంటోరు. ఆ దొరే..." అని గొంతు తగ్గించారు. "మా ఆయనకసలే బీపీ అండి. నిన్న పొద్దున్న మా గుమ్మం కేసి తిరిగి మరీ ఏడిసిందండి. ఈ నెలాఖరుకి మీరు ఎక్కడన్నా చూసుకోండి, ఏవనుకోకండి."

ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేస్తే, అమ్మ దగ్గర పరిష్కారం సిద్ధంగా ఉంది. "దాందేముందిరా, మావయ్య రొయ్యల చెరువుల దగ్గరికి పంపించెయ్. ఆడికి కుక్కలు కావాలంటన్నాడు." ఆ చెరువులు నేను చూశాను. గట్టు మీద పదేసి గజాలకు ఒక రాట, రాటకో గొలుసు, గొలుసుకో కుక్క. వచ్చే పోయే పక్షుల్ని అదిలించడమే వాటి బతుకు. మావయ్య చెడ్డవాడు కాదు, తిండి బాగానే పెడతాడు. కానీ దొర మెడలో నేనెప్పుడూ గొలుసు వెయ్యలేదు. ఎండలో ఆ రాట పక్కన వాడు కూర్చుని, నా చెప్పుల కోసం అటూ ఇటూ వెతుక్కుంటూ ఉండడం కళ్ళ ముందు కనిపించి ఫోన్ పెట్టేశాను. నెలాఖరులోగా ఇల్లు దొరక్కపోతే వాడు అక్కడికి పోవలసిందే. నాకు అంతకు మించిన దారి లేదు.

అప్పుడు నన్ను ఆదుకున్నది మా స్కూలు డ్రిల్లు మాష్టారు. పిల్లలూ మేమూ కూడా ఆయన్ని విజిల్ మాష్టారనే పిలిచేవాళ్ళం. ఆయన విజిల్ ఊదితే గ్రౌండులో పిల్లలు పరిగెత్తేవాళ్ళు, గేటు దగ్గర దొర పాడేవాడు. ఆ విధంగా ఇద్దరికీ స్నేహం.

"మీరేటండీ మాష్టారూ, పెంకుటిళ్ళ సుట్టూ తిరుగుతారు!" అన్నారాయన. "అపార్టుమెంటు చూడండి. అక్కడ ఎవడి తలుపు ఆడిది. పైకెళ్ళేకొద్దీ గోల తగ్గుద్ది. కుక్కకి ఇనపడకపోతే ఏడవదు, అది ఏడవకపోతే ఎవడూ పోడు. ఆయ్!"

నాకు అది గొప్ప శాస్త్రీయమైన ఆలోచనగా తోచింది. ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పేవాణ్ణి నేనే కదా, ఆ పాఠం ఒక్కసారి గుర్తు చేసుకోవాలని మాత్రం తట్టలేదు. ఇద్దరం కూర్చుని ఊరు ఎప్పుడెప్పుడు నోరు చేసుకుంటుందో ఆలోచించాం. తెల్లారగట్ల నుంచి మధ్యాహ్నం దాకా ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. సాయంత్రమైతే మళ్ళీ మొదలు. మధ్యాహ్నం భోజనాలై జనం కునుకు తీసే వేళ, మూడింటి తర్వాత కాసేపు మాత్రం ఊరు ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. ఇల్లు చూడ్డానికి అందరూ దుర్ముహూర్తం లేని సమయం చూసుకుంటారు. నేను దొర నోరు తెరవని సమయం చూసుకుని బయల్దేరేవాణ్ణి.

మొదటి ఫ్లాటు నాలుగో అంతస్తులో, గోదావరి వైపు. ఓనరు కొబ్బరికాయల వ్యాపారి, కలుపుగోలు మనిషి. దొర మెట్లన్నీ పెద్దమనిషిలా ఎక్కి, గదులన్నీ చూసి, వంటగదిలో ఒక్క నిమిషం ఆలోచించి, హాలు మధ్యలో కూర్చున్నాడు. "బలే బుద్ధిగా ఉన్నాడండీ!" అని ఓనరుగారు మురిసిపోయారు. నేను అడ్వాన్సు కోసం జేబులో చెయ్యి పెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన ఉత్సాహంగా బాల్కనీ తలుపు తీసి, "గాలి చూడండి మాష్టారూ, గాలి!" అన్నారు. గాలి వచ్చింది. దానితోపాటు ఏటికి అవతల ఎదుర్లంకలో ఎవరో మైకు సెట్టు సరిచూసుకుంటున్న కూత కూడా వచ్చింది. దొర బాల్కనీలోకి నడిచి, రెండు ముందుకాళ్ళూ పిట్టగోడ మీద పెట్టి, యానాం మొత్తానికీ వినిపించేలా జవాబిచ్చాడు. ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకుంది. ఓనరుగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మా మావగారు మొన్నే ఆస్పత్రి నుంచొచ్చారండి... ఆ ఫ్లాట్లోనే ఉన్నారండి," అన్నారు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ శబ్దానికి అడ్డం వచ్చే గోడలు, చెట్లు ఉండవని నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో నాకు మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది.

అందుకని రెండోసారి బుద్ధి తెచ్చుకుని, అడవిపొలం వెళ్ళే దారిలో ఓ సందు లోపల, కిటికీలన్నీ పక్కవాళ్ళ గోడల్లోకి తెరుచుకునే ఫ్లాటు చూశాం. వెలుతురు లేదు, గాలి లేదు, నాకు మహా నచ్చింది. అపార్ట్‌మెంటు సెక్రటరీగారు రిటైరైన మనిషి, నియమాల మనిషి. కుక్క లిఫ్టు ఎక్కకూడదు, మెట్ల మీద కనిపించకూడదు, కింద పార్కింగులో నిలబడకూడదు, డాబా మీదకు రాకూడదు. అంటే కుక్క ఉండొచ్చు గానీ ఎక్కడా ఉండకూడదు. అన్నిటికీ తల ఊపాను. సరిగ్గా ఆయన ఒప్పుకున్నట్టు నవ్వబోతుండగా, భవనం వెనక నుంచి సన్నాయి ఎత్తుకుంది. వెనకాలే ఫంక్షన్ హాలు ఉందన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. దొర పాపం, సన్నాయివాడు ఒక్కడే కష్టపడుతున్నాడనుకున్నాడేమో, మనస్ఫూర్తిగా సాయం చేశాడు. కాసేపటికి పట్టుబట్టల్లో ఒకాయన ఒగురుస్తూ మెట్లెక్కి వచ్చి, "ఎవరండీ పోయింది? తాంబూలాలు పుచ్చుకోవచ్చా, ఆగమంటారా?" అని అడిగాడు. సెక్రటరీగారు నాకేసి చూసిన చూపు చెప్పడానికి వీల్లేదు.

అలా అలా నెలాఖరు ఆదివారం వచ్చేసింది. మావయ్య గొలుసు కొనేశాడనీ, సోమవారం ఆటోలో మనిషిని పంపుతాడనీ అమ్మ కబురు పెట్టింది. పొద్దున్న నా వాటా ఉప్మా కూడా దొరకే పెట్టేశాను. వాడు మాత్రం శుభ్రంగా తిన్నాడు. అప్పుడు విజిల్ మాష్టారు సైకిలు మీద ఆఘమేఘాల మీద వచ్చారు. మెట్టకూరులో ఓ చిన్న అపార్ట్‌మెంటు, మొదటి అంతస్తులో ఎదురెదురుగా రెండు ఫ్లాట్లు, రెండూ ఒక రిటైరైన టీచరుగారివే. ఒకదాంట్లో ఆవిడ ఒక్కరే ఉంటారు, రెండోది అద్దెకిస్తారు. "కానీ ఎవరూ రెండు నెల్లకి మించి ఉండట్లేదంటండి. ఎందుకో ఎవరూ సెప్పట్లేదు. దెయ్యమేమోనండి," అన్నారు. దెయ్యమైతే పర్వాలేదు, కూతలు పెట్టనిదైతే చాలనుకున్నాను. ఇంకో చిత్రం, టీచరుగారు మమ్మల్ని మధ్యాహ్నం మూడింటికే రమ్మన్నారట, ఆ వేళ తప్ప ఇంకెప్పుడూ కుదరదన్నారట. నా మనసులో మాట ఆవిడకెలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

బక్కపల్చని మనిషి, ఇస్త్రీ చేసిన నేతచీర, గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు, మూలన దుప్పటి కప్పి ఉన్న పెట్టెలాంటిదేదో. దొరను చూసి నవ్వారు గానీ, నాకన్నా ఆవిడే ఎక్కువ కంగారు పడుతున్నట్టు అనిపించింది. "బాబూ, మీరు పొద్దున్నే లేస్తారా?" అని అడిగారు. లేస్తానన్నాను. "మరీ పొద్దున్నే ఎవరన్నా లేపితే కోపం వస్తుందా?" అన్నారు. రాదన్నాను. నేను అడగవలసింది నేనూ అడిగాను. "ఇక్కడికి చర్చి గంట వినిపిస్తుందాండీ?" "అబ్బే, లేదు లేదు, అస్సలు వినపడదు," అన్నారావిడ, తనమీద ఎవరో ఫిర్యాదు చేసినట్టు తొందరపడి. "మైకులూ, సన్నాయిలూ?" "ఏవీ లేవు బాబూ. ఇక్కడ... ఇక్కడ చాలా నిశ్శబ్దం." ఆ మాట అంటుంటే ఆవిడ చూపు మూలనున్న దుప్పటి మీదికి పోయింది. నా చూపు దొర మీదికి పోయింది. ఎదుటి మనిషి కూడా ఏదో దాస్తున్నారని ఇద్దరికీ తెలియదు.

అంతలో వీధిలో పుల్లఐసు బండివాడు బూర ఊదాడు.

దొర కూర్చున్నాడు. మెడ ఎత్తాడు. నేను కళ్ళు మూసుకున్నాను. వాడు ఎప్పుడూ లేనంత శ్రావ్యంగా, తొందరేమీ లేకుండా, గది దద్దరిల్లేలా ఏడిచాడు. నాకు రాట కనిపించింది, గొలుసు కనిపించింది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించి, ఇక లేచి పొమ్మంటారనుకుని కళ్ళు తెరిస్తే, టీచరుగారు పరుగులాంటి నడకతో మూలకు వెళ్ళి దుప్పటి లాగేశారు. లోపల హార్మోనియం! ఒక చేత్తో తిత్తి కొడుతూ, రెండో చేత్తో మెట్లు ఒక్కొక్కటే నొక్కుతూ, "ఉండు నాన్నా, ఉండు, వదలకు," అని దొరను బతిమాలుతున్నారు. "ఆ... ఇదీ! నాలుగు శ్రుతి!"

ఆ తర్వాత ఆవిడ ఓ కీర్తన ఎత్తుకున్నారు. అద్దెకున్నవాళ్ళు రెండు నెలలకే ఎందుకు వెళ్ళిపోయేవారో నాకు అప్పుడు బోధపడింది. ఆవిడ గొంతులో భక్తి ఎంత ఉందో బొంగురు అంతకు రెట్టింపు ఉంది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈ ఆరాధన తప్పదట. దొరకు మాత్రం అభ్యంతరం లేదు. కీర్తన అయ్యేదాకా పాడి, ఆవిడ ఆపగానే ఆపి, వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర పడుకున్నాడు.

నాకు దాచబుద్ధి కాలేదు. "టీచరుగారూ, ఒక మాట. వీడు ఏడిస్తే ఎవరో ఒకరు పోతారని ఊరంతా అంటున్నారండి. మిమ్మల్ని తర్వాత ఎవరన్నా..."

"పోతారు బాబూ," అన్నారావిడ కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఏడిచినా పోతారు, ఏడవకపోయినా పోతారు. మా ఇంటాయన పోయిన రోజున ఈ వీధిలో ఒక్క కుక్క కూడా నోరెత్తలేదు. అంత మంచి మనిషి పోతే ఎవరూ ఏడవరేంటా అని నాకే కష్టమేసింది." కాసేపు దొర తల నిమిరారు. "ఆయన రోజూ నా పక్కన కూర్చుని పాడేవారు. ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి శ్రుతి కలిస్తే ఒట్టు. వీడికి మాత్రం చెవుంది. ఇంతకీ, మీరు ఉంటారా? మాలాంటి వాళ్ళని భరించగలరా?"

భరించగలరా అని నన్ను అడిగిన మొదటి ఓనరు ఆవిడే. గబగబా తల ఊపాను. కిందికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే, కింద సైకిలు పట్టుకుని ఎదురుచూస్తున్న విజిల్ మాష్టారు నా ముఖం చూసి, ఇది కూడా పోయిందనుకుని, "పోనీలెండి మాష్టారూ, చెరువు దగ్గర గాలి బాగుంటది," అని ఓదార్చడం మొదలుపెట్టారు. ఆ ఓదార్పును మధ్యలో ఆపి ఇల్లు దొరికిందని చెప్పాను. ఆయన ఆనందం పట్టలేక జేబులోంచి విజిల్ తీసి ఊదారు. పైనుంచి దొర అందుకున్నాడు, వాడి వెనకే హార్మోనియం అందుకుంది. సాయంత్రం బూత్‌కు వెళ్ళి, "అమ్మా, మావయ్యకు ఆ గొలుసు వద్దని చెప్పు," అన్నాను. గుండెల మీద నుంచి ఎవరో బస్తా దించినంత తేలికగా అనిపించింది. ఆ రాత్రి పట్టినంత హాయైన నిద్ర నాకు మళ్ళీ ఎన్నడూ పట్టలేదు.

పెళ్ళయ్యేదాకా ఆ ఫ్లాట్లోనే ఉన్నాను. రోజూ ఆరాధనకు ఇద్దరం ఎదురింటికి వెళ్ళేవాళ్ళం. మర్యాదకు ఒకరోజు నేనూ గొంతు కలిపాను. టీచరుగారు వాయించడం ఆపి, ఎంతో ప్రేమగా, "నువ్వు వింటే చాలు నాయనా, పాడొద్దు. వాడు తప్పుతున్నాడు," అన్నారు. వాడు కూడా నావైపు అలాగే చూశాడు.

ఇప్పుడు మా స్కూల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ నన్ను సలహా అడుగుతారు. నీళ్ళు ఎలా ఉంటాయి, పార్కింగు ఉంటుందా, ఏ అంతస్తు మంచిది అంటారు. అవన్నీ నాకు తెలియవు. ఒక్కోసారి మధ్యాహ్నం మూడింటికి ఆ అపార్ట్‌మెంటు దారిన వెళ్తుంటే మాత్రం, అప్పటి నా రూపంలో ఓ బక్క మాష్టారు నిమిషానికోసారి వాచీ చూసుకుంటూ, ఒక చేత్తో కుక్క మూతి నిమురుతూ, దొంగలా మెట్లెక్కుతున్నట్టు కనిపిస్తాడు. వాచీ చూసుకోకురా అబ్బాయ్, వాణ్ణి పాడనియ్ అని చెప్పాలనిపిస్తుంది.