తీగలదే తప్పనుకున్నాను

ఎదుటివారు చెప్పింది సరిగా వినిపించనప్పుడు, మళ్ళీ అడగడానికి మొహమాటపడి, అంతా అర్థమైనట్టు తల ఊపి ఊరుకున్న సందర్భం మీకు ఒక్కటైనా ఉందా? ఉంటే, ఆ తల ఊపింది మర్యాద కోసమా, పరువు కోసమా?

నేను పరువు కోసమే ఊపాను. పోయిన వారం మాదాపూర్‌లోని మా ఆఫీసులో, వార్షికోత్సవానికి బ్యాండు సాధన చేస్తున్న గదిలోకి నన్ను ఒక అమ్మాయి చెయ్యి పట్టుకొని లాక్కుపోయింది. మా టీములో కొత్తగా చేరిన పిల్ల, బేస్ గిటార్ వాయిస్తుంది. ఒకప్పుడు నేనూ వాయించేదాన్నని, తీగల సంగతి నాకు బాగా తెలుసునని ఎవరో చెప్పారట. రెండు గిటార్లు తెచ్చి, రెండింటి మీదా ఒకే వరస వాయించి, "అక్కా, మన పాటకు ఏ తీగలు మంచిగుంటయో జర చెప్పరా?" అని అడిగింది. నిజం చెప్పాలంటే నాకు రెండూ ఒక్కలాగే వినిపించాయి. ఆ మాట అనలేక, గిటార్ చూస్తున్నట్టుగా చెయ్యి చాచి, తీగల మీద వేలు ఒకసారి జార్చాను. ఒకటి గరుకుగా, ఒకటి నున్నగా తగిలింది. ఇంకేం, మొదటిది రౌండ్ అని, రెండోది ఫ్లాట్ అని, నెమ్మదిగా నడిచే ఆ పాటకు రెండోదే తగినదని తీర్పు చెప్పేశాను.

"మీ చెవికి దండం పెట్టాలె అక్కా!" అంది ఆ పిల్ల. ఆ సమయాన నా చెవుల్లో ఉండవలసిన వినికిడి యంత్రాలు నా సంచిలో, కళ్ళజోడు పెట్టెలో పడుకొని ఉన్నాయి.

ఆ సాయంత్రం మెట్రోలో నిలబడి వస్తుండగా, మన తరంవాళ్ళకు బాగా గుర్తున్న ఆ రోజులన్నీ వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి. రోడ్డు మధ్యన స్తంభాలు లేచి, వాటి మీదకు రైలు ఇంకా రాని రోజులు. డిగ్రీలో డిబేట్ పోటీలన్నింటికీ తిరిగి, ప్రశ్నించనిదే ఏ మాటనూ ఒప్పుకోకూడదన్న నియమంతో, ఆ నియమం వల్ల కలిగిన బోలెడంత గర్వంతో, కొండాపూర్‌లో మా అన్నయ్య, వదినల ఇంట్లో దిగి ఉద్యోగంలో చేరాను. చేరిన ఏడాదే ఆఫీసు బ్యాండులో చొరబడ్డాను. బేస్ గిటార్ ఎందుకు పట్టుకున్నావని చాలామంది అడిగేవారు. ఎవరూ పట్టుకోనందుకు అన్నదే అసలు జవాబు.

తెలియనివారి కోసం ఒక్క మాట. బేస్ గిటార్‌కు నాలుగే తీగలు, లావుపాటివి. లోపలి ఉక్కు తీగ చుట్టూ గుండ్రటి సన్న తీగను బిగించి చుడితే రౌండ్ తీగ అవుతుంది. దాని మీద వేలు జారిస్తే ఆకురాయి మీద జార్చినట్టే ఉంటుంది, చెయ్యి కదిలినప్పుడల్లా కీచుమంటుంది, కొత్తగా వేసినప్పుడు ప్రతి స్వరం అంచునా కంచం మీద గరిటె తగిలినట్టు ఒక మెరుపు మోగుతుంది. అదే సన్న తీగ బదులు చదునైన రిబ్బను లాంటి రేకును చుడితే ఫ్లాట్ తీగ: వేలికి గాజులా నున్నగా తగులుతుంది, కీచుమనదు, మృదంగం ఎడమ వైపు మోగినట్టు గుమ్మని పుట్టి అంతలోనే అణిగిపోతుంది. పైన నైలాన్ చుట్టిన నల్ల తీగలు ఇంకొక రకం, వాటి మీద వేళ్ళు ఎంతసేపు ఆడినా నొప్పి తెలియదు, పక్క గదిలో ఎవరో పెద్దాయన గొంతు సవరించుకొని మాట్లాడుతున్నట్టుంటుంది వాటి నాదం.

నాది రౌండ్ తీగల పక్షం. మా బ్యాండులో గిటార్ వాయించే, నేను అన్నా అని పిలిచే సీనియర్‌ది ఫ్లాట్ తీగల పక్షం. నాకంటే పెద్ద ఉద్యోగి, సంగారెడ్డి వైపువాడు, నన్ను చెల్లె అనేవాడు. మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో మా వాదన మొదలైతే పక్క బల్లలవాళ్ళు కూడా తినడం ఆపేవారు. "బేస్ అంటే ఇంటికి పునాది లెక్క చెల్లె. నేను కనబడాలె అని ఏ పునాదన్న కొట్లాడతదా?" అనేవాడు. "పునాదికి ఎవరూ చప్పట్లు కొట్టరన్నా, నాకు చప్పట్లు కావాలి" అనేదాన్ని. అందరూ నవ్వేవారు, నేను గెలిచేదాన్ని. మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌ను గోడలకు తివాచీలు కొట్టి, బ్యాండ్లు సాధన చేసుకునే జామ్ రూముగా మార్చి కిరాయికి ఇచ్చేవారు. అందులో నా చోటు డ్రమ్ముల పక్కన, సరిగ్గా సింబల్స్ అనే ఇత్తడి పళ్ళేల ఎత్తున నా ఎడమ చెవి ఉండేచోట. బేస్ వాయించేవారు అక్కడే నిలబడాలని ఆనవాయితీ, డ్రమ్మరు కాలి దెబ్బకూ మన వేలి దెబ్బకూ జోడు కుదరాలి కనుక. వారం వారం అక్కడే నిలబడ్డాను. ఇంటికి వచ్చాక తెల్లవార్లూ చెవిలో ఏదో సన్నగా కూస్తూ ఉంటే, సంగీతం ఇంకా నాలో మోగుతోందని మురిసిపోయాను. అన్నింటినీ ప్రశ్నించే నేను, ఆ కూతను మాత్రం ప్రశ్నించలేదు.

కొన్నేళ్ళకు నా తీగల్లో మెరుపు పోయింది. పాతబడ్డాయనుకొని కొత్తవి వేశాను. అవీ మొద్దుగానే మోగాయి. నకిలీ సరుకు అంటగట్టారని దుకాణం మార్చాను, ఆ తరువాత రకం మార్చాను. ఆఖరికి, పాత తీగలను మరిగించిన నీళ్ళలో వేస్తే వాటిలో పట్టిన జిడ్డు వదిలి మళ్ళీ కొత్తవాటిలా పలుకుతాయని బేస్ వాయించేవాళ్ళలో ఒక అలవాటు ఉంది కదా అని, ఒక ఆదివారం వదిన అన్నం గిన్నెలో నీళ్ళు పోసి, తీగలు చుట్టలు చుట్టి వేసి, పొయ్యి వెలిగించాను. వదినది గుంటూరు. వంటింట్లోకి వచ్చి, మూత తీసి చూసి, "ఏంటమ్మాయ్, తీగల పులుసు పెడుతున్నావా? ఉప్పేమైనా చూడాలా?" అంది. ఆ గిన్నెలో మళ్ళీ ఎప్పుడూ అన్నం వండలేదు.

ఆ రోజుల్లోనే మా ఇంటి గుమ్మానికి పిట్టలా కూసే గంట ఒకటి ఉండేది. వదిన కూరగాయలకు వెళ్ళి వచ్చి, ఫోను చేసి, "గంట నొక్కీ నొక్కీ నా వేలు అరిగిపోయింది, నువ్వు లోపల తపస్సు చేస్తున్నావా?" అని అరిచేది. బ్యాటరీ అయిపోయిందని నేను వాదించేదాన్ని, కొత్తది తెచ్చి వేసేదాన్ని కూడా. చచ్చిన తీగలు, చచ్చిన బ్యాటరీ. లోకంలో అన్నీ ఒక్కసారిగా ఎందుకు చచ్చిపోతున్నాయన్న ప్రశ్న, ఏ డిబేట్ జడ్జీ అయినా మొదట అడిగే ప్రశ్న, నాకు తట్టలేదు. లేక తట్టనివ్వలేదో.

ఒక సాయంత్రం జామ్ రూములో, నేను అప్పుడే వేసిన రౌండ్ తీగలు కూడా పనికిరానివేనని గొడవకు దిగాను. అవి బాగానే ఉన్నాయన్నాడు అన్న. రుజువు చేయమన్నాను. నేను గోడ వైపు తిరిగి నిలబడతాను, నా బేస్ గిటారూ నీ దగ్గరున్న ఫ్లాట్ తీగల బేస్ గిటారూ మార్చి మార్చి వాయించు, నావి పనికొచ్చే తీగలైతే తేడా తెలుస్తుంది కదా అన్నాను. నియమాలన్నీ నేనే పెట్టాను, ఎవరూ సైగ చేయకూడదని, నేను తమ్ముడూ అని పిలిచే మా డ్రమ్మరు చేత ఒట్టు కూడా వేయించాను. అన్న వాయించాడు. ఆగాడు. మళ్ళీ వాయించాడు. తివాచీ గోడ వైపు చూస్తూ నేను ధీమాగా చెప్పాను: "చూశావా, రెండూ ఫ్లాట్ తీగల్లాగే ఉన్నాయి!"

డ్రమ్మరు తమ్ముడు పకపకా నవ్వాడు. "ఏందక్కా పరాచికం! ఒకటేమో గిన్నెల మోత, ఒకటేమో మెత్త మీద గుద్దినట్టున్నది. గిది గూడ తెల్వదా?" అన్నాడు. వెనక్కి తిరిగాను. నా ముఖం చూసి వాడి నవ్వు ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ రౌండ్ తీగ అనీ ఫ్లాట్ తీగ అనీ నాకు చెబుతున్నది నా వేళ్ళేనని, గోడ వైపు తిరిగి వేళ్ళు లేకుండా నిలబడేసరికి నా దగ్గర ఏమీ మిగలలేదని. అయినా నోరు ఊరుకోలేదు. తప్పు ఆంప్లిఫయర్ స్పీకరుదని, పై స్వరాలు పలికే భాగం కాలిపోయి ఉంటుందని, అందుకే నాకు అలా వినిపించిందని గబగబా వాదించాను. అదే స్పీకరులో మిగతా అందరికీ తేడా తెలిసిందన్న సంగతి అన్న ఒక్క ముక్కలో అనవచ్చు. అనలేదు. "కావచ్చు చెల్లె. స్పీకరే కావచ్చు" అన్నాడు.

నా జీవితంలో ఎదుటివాడు జాలిపడి ఓడిపోయిన వాదన అదొక్కటే. ఇన్ని పోటీల్లో ఎన్నిసార్లో ఓడిపోయాను, ఎప్పుడూ తల వంచుకోలేదు. ఆ గెలుపుకు వంచుకున్నాను.

ఇంటికి వచ్చి ఏడ్చాను. మర్నాడు వదిన గుమ్మం దగ్గర నన్ను నిలబెట్టి, గంట నొక్కి, నా ముఖమే చూస్తూ, "బ్యాటరీ బానే ఉందమ్మాయ్. పద" అని చెవి పరీక్షకు తీసుకుపోయింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అద్దం అవతల పరీక్ష చేసే ఆమె యంత్రం మీద వేళ్ళు కదుపుతూనే ఉంది, పరీక్ష ఇంకా మొదలుపెట్టలేదేమని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. ఏళ్ళ తరబడి పెద్ద శబ్దం పక్కన నిలబడటం వల్ల పై స్వరాలు పోయాయని, పోయినవి తిరిగి రావని డాక్టరు చెప్పారు.

యంత్రాలు పెట్టుకొని ఇంటికి వచ్చిన రోజున పిట్ట గంట కూసింది. గిటార్ తీసి వాయిస్తే తీగల మీద నా వేళ్ళ కీచులాట వినిపించింది, ఒకప్పుడు నేను విసుక్కున్న ఆ కీచులాటే. కళ్ళ నీళ్ళు తిరిగాయి. అయినా ఆఫీసుకు వాటిని పెట్టుకొని వెళ్ళలేదు. మీటింగుల్లో అందరూ నాతో చిన్నపిల్లకు చెప్పినట్టు విడదీసి మాట్లాడతారని, నా ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి బదులు పాపం వినిపించలేదేమో అనుకుంటారని భయం. పని ఎక్కువైందని చెప్పి బ్యాండు మానేశాను. కళ్ళజోడు పెట్టుకొని దర్జాగా తిరిగే ఈ ఊళ్ళో చెవికి మాత్రం సిగ్గెందుకని వేదిక మీద ఎవరైనా అడిగితే అద్భుతంగా వాదించగలను. అలాంటి నేను జుట్టు చెవుల మీదకు దువ్వుకొని తిరిగాను.

ఇప్పుడు మియాపూర్‌లోనూ మాదాపూర్‌లోనూ రైలు కూత పెడుతూ పోతుంది, ఆ సెల్లార్ తిరిగి కార్ల పార్కింగ్ అయింది, అన్న ఏదో ఊరికి మారిపోయాడు. తీగలను యంత్రం ద్వారా వింటే తేడా తెలుస్తుంది కానీ, కొత్త రౌండ్ తీగ మొదటి స్వరం అంచున ఉండే ఆ మెరుపు నేను విన్న మెరుపు కాదు. అది నా జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు. దానికి బాధపడతాను, సిగ్గుపడను. నా సిగ్గు వేరు. పోయిన వారం ఆ పిల్ల "మీ చెవికి దండం" అంటున్నప్పుడు తను ఎక్కడ నిలబడి ఉందో నేను చూశాను. ఇత్తడి పళ్ళేల పక్కన, ఎడమ చెవి సరిగ్గా వాటి ఎత్తున, చెవిలో ఏమీ లేకుండా. హెచ్చరించాలంటే నా సంగతి చెప్పాలి. నేను తీగల గురించి మాట్లాడి వచ్చేశాను.

ఈ శనివారం మళ్ళీ సాధన ఉంది. జుట్టు వెనక్కి ముడివేసుకొని, రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకొని, ఆ పిల్ల కోసం మోతను తగ్గించే ఇయర్‌ప్లగ్స్ చేతిలో పట్టుకొని వెళ్తున్నాను. మీరూ ఒక పని చేయండి. మీ ఆఫీసు బ్యాండులోనో, మీ పిల్లల కాలేజీలోనో ఆ పళ్ళేల పక్కన ఎవరు నిలబడుతున్నారో ఈ వారమే వెళ్ళి చూడండి. వాళ్ళ చెవుల్లో ఏమీ లేకపోతే అక్కడికక్కడే వాయింపు ఆపించండి. ఇక మీకే ఎదుటివారి మాట అందకపోతే, తల ఊపకండి. వినిపించలేదు, మళ్ళీ చెప్పండి అని అడగండి.