ఒక పూట ఆలస్యమైన గొట్టం

ఎనభైలనాటి మాట. భోకర్ మార్కెట్‌ల బకెట్ నిండ నెత్తురు కక్కిన. సరే, బకెట్ కాదు, చెంబెడు. మా తమ్ముడు నన్ను జీపుల ఏసుకొని రాత్రికి రాత్రే నాందేడ్ దవాఖానకు ఉరికిండు.

డాక్టర్ సెలైన్ పెట్టి, "కాకా, ముందు బీపీ నిలబడాలె, నెత్తురు ఎక్కాలె. పొద్దున లైటున్న గొట్టం నోట్లకెల్లి దించి, కడుపుల ఏడ కారుతుందో చూస్త. అప్పటిదాంక ఏం తినొద్దు" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. "పాణం పోతుంటే పొద్దుననా? ఆ గొట్టం ఏమన్న మీ అత్తగారి నగనా, బీరువాల దాచిపెట్టనీకి?" అన్న. ఆయన సెలైన్ సుక్కలు సరిజేసి పోయిండు.

పొద్దున గొట్టం దించి, కన్ను ఆనించి చూసి, ఎంటనే బయటికి గుంజిండు. "కడుపు నిండ అన్నమే ఉన్నది. పుండు ఎట్ల కనవడాలె? ఎవరు పెట్టమన్నరు నిన్ను?" అని తమ్ముని మీద ఎగిరిండు. వాడు తలకాయ దించుకొని నిలబడ్డడు. గొట్టం సాయంత్రానికి జరిగింది. ఆలోపు నేను ఇంకోసారి నెత్తురు కక్కి, సచ్చి బతికిన.

డాక్టర్ ఆలస్యం చేసి సంపబోయిండని ముప్పై ఏండ్లు ఊరంత చెప్పిన. అబద్ధం. తెల్లారంగనే తమ్ముడు నాకోసం తన నెత్తురు ఇయ్యనీకి పోయిండు. ఆ గంటల, కడుపుల వేడి తగ్గుతదని పక్క మంచం కాడ తోడున్న ఆమెను అడిగి గిన్నెడు పెరుగన్నం తిన్నది నేనే. వాణ్ని తిడుతుంటే నోరు మూసుకొని పండుకున్నది గూడ నేనే.

ఆ కోపం నా మీద నాకు ఇంక సల్లారలేదు. అందుకే ఇదంత రాస్తున్న, తమ్ముడు ఈ పేజీ తప్పకుండ చదువుతడు. చదివినంక నన్ను తిట్టనీకి ఇంటికి రమ్మంటున్న.