ఆళ్లగడ్డలో విదేశాంగం

మైకుసెట్టు వాడికి ఊళ్లో అందరి గొంతులూ తెలుసు. వాడి గొంతు మాత్రం ఎవరికీ తెలియదు. నంద్యాల చుట్టుపక్కల నేను హారన్లు కట్టని సందు లేదు. పెండ్లి, ఉరుసు, వినాయక చవితి, ఓట్ల మీటింగు, ఏదైనా సరే నా సెట్టే మోగాలి. అయినా ఇన్నేళ్లలో మైకులో నేను మాట్లాడింది "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్న ముక్క ఒక్కటే. ఆ తర్వాత నా పని ఆంప్లిఫయర్ పక్కన స్టూలు మీద కూర్చోవడం.

ఆ కూర్చోవడానికీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అంగడి పెట్టింది మా నాన్న. ఆయన్ను మేము అబ్బా అని పిలిచేవాళ్లం. అబ్బా నాకు నేర్పిన చదువంతా ఒక్క మాటే: "మైకు వాళ్ల చేతిలో పెట్టినాక నీ చేతులు కట్టుకో." మాట్లాడేవాడు తిట్టనీ, పొగడనీ, అబద్ధమే చెప్పనీ, గొంతు సరిగ్గా వినిపిస్తోందో లేదో చూసుకోవడం వరకే మన పని. మైకు కింద పెట్టాల్సింది వాడే గానీ మనం కాదు. ఈ ఒక్క పద్ధతి వల్లే ఒకరి మొహం ఒకరు చూసుకోని పార్టీలవాళ్లు కూడా మా అంగడి మెట్లు ఎక్కేవాళ్లు.

అలా వచ్చేవాళ్లలో ఆళ్లగడ్డ లాయరు సారు ఒకడు. ఎప్పుడూ ప్రతిపక్షమే. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మిగతా నాయకులు రోడ్లు, పింఛన్లు, ఎదుటివాడి వంశం గురించి మాట్లాడితే, ఈయన విదేశాంగ విధానం మాట్లాడేవాడు. కేసీ కాలువకు నీళ్లెప్పుడొస్తాయి సార్ అని అడిగితే చైనా నుంచి మొదలుపెట్టేవాడు. చైనావాళ్లు ఎగువన ఆనకట్ట కడుతున్నారు, మన సర్కారు ఏమంటోంది అని ఆయన అడుగుతుంటే, "ఆ నీళ్లు రుద్రవరం చేరేసరికి మా మనవళ్లకు పెండ్లిండ్లయితాయి సార్" అని జనం నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నవ్వి, నేపాల్ ఎత్తుకునేవాడు.

పైగా పీలగొంతు. మైకు లేకపోతే రెండో వరుసకు కూడా అందదు. పీలగొంతును రోడ్డు అవతలి దాకా నిలబెట్టడం ఒక విద్య. ఆ విద్యలో ఈ జిల్లాలో నన్ను మించినోడు లేడు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

సరిహద్దులో కాల్పులు జరిగిన రోజులవి. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. మాలాంటోళ్లకు ఆ రోజులు ఇంకో రకంగా ఉంటాయి. టీకొట్టు దగ్గరికి పోతే అప్పటిదాకా గట్టిగా నడిచే మాట కాస్త తగ్గుతుంది. ఎవడో ఒకడు ఎకసెక్కంగా అడుగుతాడు.

"ఏం సాయిబన్నా, మీ వాళ్లు ఏమంటాండారు?"

"మా వాళ్లు పొన్నాపురంలో పెండ్లికి పోయినారప్పా, బిర్యానీలో ఉప్పు తక్కువైందంటాండారు" అని నేను జవాబిచ్చేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. నేను టీ తాగి లేచేవాణ్ణి గానీ లోపల మంటగా ఉండేది. అందరిలాగే నాకూ అడగాలని ఉండేది. కాపలా యాడ తప్పింది, ఎవరితో ఏం మాట్లాడుకున్నారు, మన పిల్లోళ్ల ప్రాణాలకు ఎవరు పూచీ అని. అదే మాట టీకొట్టు ఓనరు అడిగితే దేశభక్తి. నేను అడిగితే నువ్వు ఏ దేశమోడివి అంటారు. అందుకే నోరు మూసుకుని బిర్యానీ సంగతి చెప్పేవాణ్ణి.

ఆ వారంలోనే లాయరు సారు ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర మీటింగు పెట్టాడు. శిల్పాల షెడ్లలో రాళ్లు కోసే మిషన్లు ఆగేదాకా ఆ ఊళ్లో సాయంత్రం మీటింగు మొదలుపెట్టలేం. అవి ఆగాయి. సారు మైకు పట్టుకున్నాడు.

"నేను సిపాయిని అడగడంల్యా. సిపాయి వాని పని వాడు చేస్తాండాడు. నేను మంత్రిని అడుగుతాండా. కాపలా యాడ తప్పింది? పక్క దేశంతో ఏం మాట్లాడినారు, ఏం ఒప్పుకున్నారు? పార్లమెంటులో నిలబడి చెప్పండి. అడగడం ద్రోహమైతే, ఇంగ మేం యాటికి? ఓట్లేసి ఇండ్లకు పోయేదానికా?"

నేను చెప్పుకోలేని మాటలన్నీ నా హారన్ల లోంచే వస్తున్నాయి. ఆ రోజు సౌండు ఎంత బాగా కుదిరిందంటే, బస్సుల హారన్లు కూడా ఆయన మాటను మింగలేకపోయాయి.

అంతలో అధికార పార్టీ కుర్రోళ్లు నా చుట్టూ చేరారు.

"కట్ చెయ్ సాయిబూ. దేశం మీద మాట్లాడతాంటే నువ్వు సౌండు పెంచుతాండావా? నీకిది మంచిది కాదు."

"పోయిన నెల మీ మీటింగుకూ ఇదే సెట్టప్పా. ఆ పొద్దు మీరు ఈ సార్ని అమ్మనాబూతులు తిడితే కూడా నేను మీట ముట్టలేదు."

"చవితికి మా పందిట్లో నీ సెట్టు ఉండదు, చూసుకో" అంటూ ఒకడు వైరు మీద చెయ్యి వేశాడు.

"కరెంటుంది చూడప్పా" అన్నాను. చెయ్యి తీసేశాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. సారు తన ప్రశ్నలన్నీ అడిగి, నీళ్లు తాగి, మైకు తానే కింద పెట్టాడు. ఇంతకూ ఆ చవితికి వాళ్ల పందిట్లో మోగింది కూడా నా సెట్టే. చెవులు గింగురుమనాలంటే వాళ్లకు వేరే దిక్కు లేదు.

ఆ మీటింగయ్యాక వైర్లు చుట్టుకుంటుంటే ఒక పెద్దామె నా దగ్గరకొచ్చింది. రుద్రవరం నుంచి వచ్చిందంట, చేతుల నిండా మిరపకాయ ఘాటు.

"అబ్బీ, ఈ సారు మళ్లా ఎప్పుడు మాట్లాడతాడు? మావోడు మిలట్రీలో ఆడనే, బార్డర్లోనే ఉండాడు. ఫోన్లో ఏం చెప్పడు. టీవీలో అందరూ అరుస్తాండారు గానీ ఒక్కడు ఇట్ల అడగల్యా."

"మళ్లా మీటింగు పెడితే మా మైకు ఆటో మీ ఊరికి వచ్చి చెప్తాదమ్మా" అన్నాను.

మళ్లా మీటింగు పెట్టేసరికి లోకం తిరగబడింది. లాయరు సారు పార్టీ, ఢిల్లీలో అధికారంలో ఉన్న ఆ పార్టీతోనే పొత్తు పెట్టుకుంది. నిన్నటిదాకా వైరు మీద చెయ్యి వేసిన కుర్రోళ్లు ఇప్పుడు సారుకు దండలు వేస్తున్నారు. అదే నాలుగు రోడ్లు, అదే సెట్టు. స్టేజీ మీద మాత్రం రెండు జెండాలు. మాట ఇచ్చాను కాబట్టి ఆటోను రుద్రవరం పంపాను. పెద్దామె బస్సెక్కి వచ్చి, ముందు వరుసలో గోనెపట్ట పరుచుకుని కూర్చుంది.

మీటింగుకు ముందు సారు పార్టీ జిల్లా పెద్దమనిషి నా దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"సారు అలవాటు కొద్దీ బార్డరు ఎత్తుకుంటే సౌండు తగ్గించు. ఆయనకూ చెప్పినాంలే."

"ఆ మీట నా సెట్టులో లేదన్నా" అన్నాను. ఆయన నవ్వుకుంటూ పోయాడు.

సారు లేచాడు. కాలువ గురించి మాట్లాడాడు. రోడ్లు మాట్లాడాడు. పింఛన్లు మాట్లాడాడు. నేను చైనా కోసం ఎదురుచూశాను. నా జన్మలో చైనా కోసం అంతగా ఎదురుచూస్తాననుకోలేదు. చైనా రాలేదు, నేపాల్ రాలేదు. సరిహద్దు ఊసే లేదు. నమస్కారం పెట్టి, తల వంచుకుని కూర్చున్నాడు. మైకు స్టాండులో ఖాళీగా మిగిలింది. పెద్దామె లేచి గోనెపట్ట దులుపుకుంటోంది.

నాకు కోపం వచ్చింది. సారు మీద కాదు, పాపం ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఆమె ఉత్త చేతులతో బస్సెక్కి పోతుందే అని వచ్చింది. ఇంక అడిగేవాడు ఎవడూ మిగల్లేదే అని వచ్చింది. నా పక్కన బల్ల మీద టెస్టింగ్ మైకు ఉంది. దాని మీట నొక్కాను.

"హలో, హలో" అన్నాను. అలవాటు మరి. జనం నవ్వారు. ఆగి, మళ్లీ అన్నాను.

"సార్, బార్డర్ సంగతి అడగకుండానే కూచుంటివే. మన పిల్లోళ్లు ఆడ ఉండారు. కాపలా యాడ తప్పిందని ఆ పొద్దు అడిగితివి, జవాబు రాల్యా ఇంకా. జవాబు రాకనే ప్రశ్న ఎట్ల అయిపోయింది సార్?"

నా గొంతు బస్టాండు వైపు హారన్ల నుంచి తిరిగొచ్చి నాకే వినబడింది. బాగానే ఉంది. కొంచెం బొంగురు, కానీ ప్రతి మాటా స్పష్టంగా ఉంది. ఇప్పుడెవడో ఒకడు ఆ మాట అంటాడు, నువ్వు ఏ దేశమోడివని. అయినా మైకు కింద పెట్టలేదు.

స్టేజీ మీది నుంచి పెద్దమనిషి అరిచాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు సాయిబూ?"

"దురద నాకే ఉందన్నా" అన్నాను, ఇంకా మైకులోనే. ఈసారి జనం పడిపడి నవ్వారు. చవితి పందిరి కుర్రోళ్లు ఈలలు వేశారు.

పెద్దామె గోనెపట్ట మళ్లీ పరుచుకుంది. కూర్చుని, స్టేజీ వైపు చెయ్యెత్తి, "ఆ సాయిబు అడిగింది నా మాటే. చెప్పు సారూ" అంది.

లాయరు సారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. లేచి వచ్చి, స్టాండులో ఉన్న మైకు చేతిలోకి తీసుకున్నాడు.

"చైనా నుంచి మొదలుపెట్టనా?" అన్నాడు. ఊరు ఊరంతా గొల్లున నవ్వింది.

పెద్దమనిషి గబగబా స్టేజీ దిగి నా దగ్గరకొచ్చాడు. "కట్ చెయ్" అన్నాడు, పళ్లు కొరుకుతూ.

మైకు అప్పటికే సారు చేతిలో ఉంది. నా టెస్టింగ్ మైకు ఆపేసి, స్టూలు మీద కూర్చుని, చేతులు కట్టుకున్నాను.