సూర్యకుమారి గారి రష్యన్

సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని ఒక దుబాసీల ఏజెన్సీలో రష్యన్ అంటే సూర్యకుమారే. వైద్యం చదవడానికి రష్యా వెళ్ళి, మధ్యలో మానేసి, పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. డాక్టరు కాలేదుగానీ, ఆస్పత్రుల్లో డాక్టర్ల పక్కన నిలబడి రోగుల మాట చెప్పే పని దొరికింది. హాకర్ సెంటర్లో తిండి బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ చోటు నాదని చోప్ చేసుకున్నట్టు, ఆ రష్యన్ కుర్చీని ఏళ్ళుగా తనదిగా ఉంచుకుంది.

దాని పక్కనే దీక్షిత వచ్చి కూర్చుంది. పశ్చిమ ఉక్రెయిన్‌లో చదువుతుండగా యుద్ధమొచ్చి వెనక్కి వచ్చేసిన పిల్ల. రష్యన్, ఉక్రెయినీ రెండూ గడగడా మాట్లాడుతుంది. పైగా "ఆంటీ" అంటుంది. ఒక ఒరలో రెండు కత్తులెలా ఇముడుతాయి? సూర్యకుమారికి కడుపు రగిలిపోయేది. కుళ్ళు అంటారే, అదే. దానికి మరో మంచి పేరు వెతికే ఓపిక కూడా ఆమెకు లేదు.

ఒకనాడు పొద్దున్నే ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఓడలోంచి దింపిన ఉక్రెయిన్ వంటవాడికి దుబాసీ కావాలట. ఎదురుగా దీక్షిత కొబ్బరి జామ్ రాసిన కాయా టోస్ట్ తింటోంది.

"ఎవరికి ఆంటీ?"

"రష్యన్ కేసేలే. నేను వెళ్ళొస్తా."

అక్కాచెల్లెళ్ళ భాషలే కదా, ఆమాత్రం అర్థం కాకపోతుందా అనుకుంది.

వంటవాడి పేరు మికోలా. షుగర్ ముదిరి కాలివేళ్ళు రెండు నల్లబడ్డాయి. తీసేయాలన్నాడు డాక్టరు. ఆమె రష్యన్‌లో చెప్పింది. మికోలా తలూపాడు. మత్తు సంగతి చెప్పింది. దానికీ తలూపాడు. అతనేదో అడిగితే సగమే అర్థమైంది. మిగతా సగం తనే అల్లి డాక్టరుకు చెప్పింది.

"ఏం చేయబోతున్నామో ఆయన్నే చెప్పమనండి," అన్నాడు డాక్టరు. సంతకానికి ముందు అలా చెప్పించడం అక్కడి పద్ధతి.

మికోలా చాలాసేపు మాట్లాడాడు. పుండు కడగడం, మళ్ళీ ఓడెక్కడం, అంతవరకే ఆమెకు అందింది. వేళ్ళ ఊసే వచ్చినట్టు లేదు. మళ్ళీ అడిగితే మర్యాదగా నవ్వి తలూపాడు.

ఆ తలూపుడు ఆమెకు తెలుసు. బూన్ లేలో ఉండే భద్రయ్య బాబాయికి షిప్‌యార్డులో చెయ్యి విరిగినప్పుడు, ఇండియనే కదా అని తమిళ దుబాసీని పెట్టారు. బాబాయి అన్నిటికీ "సరి, సరి" అన్నాడు. బయటికొచ్చాక, "ఆయనేటన్నాడో సగం తెలీనేదమ్మా. అంతమందిలో తెలీదనడానికి సిగ్గేసింది," అన్నాడు. తెలుగువాడికి తమిళం అంటగడతారా అని ఆరోజు ఆఫీసులో అందరిమీదా విరుచుకుపడింది ఈ సూర్యకుమారే.

డాక్టరు ఎదురుచూస్తున్నాడు. "అర్థమైందట" అనేస్తే చాలు, దీక్షితను బతిమాలక్కర్లేదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి ఫోన్ తీసింది.

"దీక్షితా, వీడియోలోకి రా. ఈయన ఉక్రెయిన్ ఆయన. నా వల్ల కావట్లేదు."

దీక్షిత నాలుగు మాటలు చెప్పేసరికి మికోలా నవ్వు ఆగిపోయింది. దుప్పటి తొలగించి తన వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, ఒకదాని వెంట ఒకటి అడగడం మొదలుపెట్టాడు.

"పుండు కడుగుతారనే అనుకున్నాడంట ఆంటీ. ముందు వాళ్ళావిడతో మాట్లాడతాడంట. మీరు పిలిచారు కాబట్టి సరిపోయింది," అంది దీక్షిత.

ఆ పిల్ల దెప్పినా బాగుండేదనిపించింది సూర్యకుమారికి. "రేపు ఈయన దగ్గరికి నువ్వే రా," అని ఫోన్ కోసం చెయ్యి చాచింది. మికోలా ఇవ్వలేదు. అతనింకా మాట్లాడుతూనే ఉన్నాడు. దుబాసీ కోసం వేసిన కుర్చీ ఖాళీగానే ఉంది. ఆమె దాంట్లో కూర్చోలేక, తన ఫోన్ కోసం గోడ పక్కన నిలబడింది.