ఎవజ్ అనే పేరు, నేనాడిన మాట

నా చిన్నప్పుడు అనాలోచితంగా ఆడిన ఒక మాట కోరుట్లలో ఇప్పటికీ అక్కడక్కడ వినిపిస్తూనే ఉంది. మా పాత ఇంటి పక్కన పెరిగిన ఒక మనిషి తన తల్లి కన్నబిడ్డ కాడనీ, చనిపోయిన శిశువు స్థానంలో ఎక్కడినుంచో తెచ్చి పెంచినవాడనీ, అందుకే అతనికి ఆ వింత పేరు పెట్టారనీ చెప్పుకుంటారు. ఈమధ్య ఒక పెళ్లిలో, నాకంటే ముప్పై ఏళ్లు చిన్నదైన ఒకామె నా ఎదుటే ఆ కథను ఎంతో నమ్మకంగా చెప్పింది. ఆ కథకు మూలం నేను. అసలు విషయం ఎరిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కనుక జరిగినదాన్ని జరిగిన క్రమంలో రాసిపెట్టడం నా విధి అనుకుంటున్నాను.

అతని పేరు ఎవజ్. ఇది అరబ్బీ పేరు. ఉర్దూ పలుకుబడిలో మనం ఎవజ్ అంటాము; అరబ్బులు అవద్ అంటారట. మా వైపు ముస్లిం కుటుంబాలలో అహ్మద్‌లూ ఖాదర్‌లూ యూసుఫ్‌లూ వీధికి నలుగురుంటారు. ఎవజ్ అనే పేరుగలవారిని మాత్రం నా జీవితంలో ఇద్దరినే చూశాను. అది కూడా ఒకే నెలలో.

అప్పుడు నేను ఆరో తరగతి చదువుతున్నాను. మా తాతయ్య నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, బడిలో పనిచేసి విరమించినవారు. చెప్పులు విడిచే చోటు మొదలుకొని ఎదుటివారి మాట మధ్యలో అడ్డుపడకపోవడం దాకా, మా ఇంట్లో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండేది. మా గోడకు ఆనుకుని ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటి కోడలిని నేను ఆపా అని పిలిచేదాన్ని; అక్క అన్నమాట. ఆమె అత్తగారిని వీధి మొత్తం పెద్దమ్మ అనేది.

ఆపా భర్త మొదట సిరిసిల్లలో తన అన్నతో కలిసి మరమగ్గాల మీద పనిచేసేవాడు. నూలు దొరకక మగ్గాలు నెలల తరబడి నిలిచిపోయినప్పుడు బొంబాయి దగ్గరి భీవండికి పోయాడు. అక్కడా నిలదొక్కుకోలేక, మా ప్రాంతంలో అప్పుడప్పుడే మొదలైన గల్ఫు దారి పట్టాడు. అతను పోయింది మస్కట్‌కు. అయితే ఎక్కడికి పోయినా మా ఊళ్లో "దుబాయి పోయిండు" అనే అనేవారు. ఉత్తరం రావడానికి ఒక నెల, జవాబు చేరడానికి మరో నెల పట్టేది. ఆపాకు చదవడం వచ్చు గాని రాయడం రాదు. ఆమె చెబుతుంటే ఉర్దూలో జవాబులు రాసేది మా తాతయ్యే.

ఆపాకు అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి, నెల తిరగకముందే పోయారు. భర్త ప్రయాణమైనప్పుడు ఆమె మూడోసారి గర్భవతి. కాన్పుకు రాయికల్‌లోని పుట్టింటికి వెళ్లి, నలభై రోజులు దాటాక మగబిడ్డతో తిరిగివచ్చింది. కొడుకైతే ఎవజ్ అని పెట్టమని భర్త ముందే రాశాడు. తనతో పనిచేసే ఒక యెమెన్ మేస్త్రీ ఆ పేరు చెప్పాడనీ, తమవంటి తల్లిదండ్రులు పెట్టుకునే పేరేననీ ఆ ఉత్తరంలో ఉంది. అంతకుమించి వివరం లేదు.

ఆపా వాళ్ల పంచలో మధ్యాహ్నం పూట వాడకట్టు ఆడవాళ్లు చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. ఒకనాడు పిల్లవాడి పేరు ప్రస్తావనకు వచ్చింది.

"ఎవజంటే ఏందే? గిసుంటి పేరు ఎన్నడు ఇనలే," అన్నది ఒకామె.

ఆపా లోపల పిల్లవాడికి స్నానం చేయిస్తోంది. జవాబు నాకు తెలుసు. నిజాం కాలపు కచేరీలలో ఒక గుమాస్తా సెలవు పెడితే అతని కుర్చీలో కూర్చునేవాణ్ణి ఎవజీ అనేవారని తాతయ్య ఎప్పుడో చెప్పగా విన్నాను. తరగతిలో మొదటి స్థానం నాది. ఎవరూ నన్ను అడగకుండానే, "ఎవజ్ అంటే బదులు. ఒకలు లేకుంటె ఆ జాగల ఇంకొకల్ని పెడ్తరు గదా, గది," అన్నాను.

బీడీలు చుడుతున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. నా పాండిత్యానికి ఆశ్చర్యపోయారనే నేను అనుకున్నాను.

వారం తిరగకుండా ఆ అర్థానికి ఒక కథ మొలిచింది. మూడో బిడ్డ కూడా పోయిందట. కూతురికి అత్తిల్లు దక్కదని రాయికల్‌లో ఆపా తల్లి ఎవరి పిల్లవాణ్ణో తెచ్చి ఒళ్లో పెట్టిందట. కాన్పు రాయికల్‌లో అయింది కనుక కళ్లారా చూసినవారు మా వాడలో లేరు. కథ ఎవరు కట్టారో తెలియదు, కాని సాక్ష్యం మాత్రం నాదే. "పేర్లనే ఉన్నదట గదా, బదులని," అని ముగించేవారు. సంతకు వచ్చిపోయేవారి వెంట ఆ మాట సిరిసిల్ల చేరింది.

సిరిసిల్ల నుంచి ఆపా బావగారు, అంటే భర్త అన్న, దిగాడు. కఠినుడు కాదు, నలుగురి మాటకు భయపడే మనిషి. వాకిట్లో నిలబడే అన్నాడు: "పేరన్న మార్చుండ్రి, లేకుంటె ఉన్న ముచ్చట తమ్మునికి రాస్త. ఆడే తేల్చుకుంటడు."

ఆ బెదిరింపు బరువు వీధిలో అందరికీ తెలుసు. మస్కట్‌లో ఉన్నవాడికి ఇల్లంటే ఉత్తరమే. అతని పాస్‌పోర్టు యజమాని పెట్టెలో ఉంది. అనుమానం తీర్చుకోవడానికైనా వచ్చే వీలు లేదు. అలాంటి ఉత్తరం చేరితే ఆపా రాయికల్ బస్సెక్కవలసిందే. పసివాడికి తండ్రి ఉండీ లేనట్టే.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. ఆపా తలుపు పక్కన కూర్చుని ఉంది.

"మార్చితె గా మాట ఒప్పుకున్నట్టయితది సారూ. మార్చకుంటె ఆయనకు రాస్తడట. నేనేం జెయ్యాలె?" అన్నది.

బదులు అనే అర్థం మొదట ఎవరు చెప్పారని తాతయ్య అడిగారు. ఆపా ఒకసారి నావైపు చూసి, చూపు పక్కకు తిప్పుకుంది. నా పేరు చెప్పలేదు. చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. తాతయ్య నన్ను తిట్టలేదు. బావగారితో మాత్రం, ఎల్లుండి దాకా కాగితం మీద కలం పెట్టవద్దని మాట తీసుకున్నారు.

మర్నాడు నన్ను జగిత్యాల తీసుకుపోయారు. బస్సులో ఆయన అన్నది రెండే మాటలు. "కచేరిల గా మాటేందో నాకెర్క. మనిషికి పెడ్తె ఏందో నాకు గూడ ఎర్కలేదు. ఎర్కున్నోల్లను అడుగుదాం." అంత చదివిన మనిషి తనకు తెలియదని చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి.

జగిత్యాల కోట దగ్గర తాళాలు బాగుచేసే ఒక వృద్ధుడుండేవాడు. నిజాం కాలంలో ఖజానాల కాపలాకు అరబ్బులను నియమించుకునేవారు. వారిని చావూష్‌లు అనేవారు. ఈయన ఆ వంశంవాడు. ఈయన పేరు కూడా ఎవజే. తాతయ్య వచ్చిన పని చెప్పగానే చేతిలోని ఆకురాయి పక్కన పెట్టాడు.

ఆయన చెప్పినది నాకు గుర్తున్నంత మేరకు ఇది. వాళ్ల పూర్వికులది యెమెన్‌లోని హద్రమౌత్. అక్కడ ఆ పేరు చాలా పాతది, చాలా మామూలుది; సూడాన్ దేశంలోనూ ఎక్కువేనని విన్నాడు. బిడ్డలు పోయిన ఇంట మళ్లీ బిడ్డ నిలిస్తే, పోయినదానికి దేవుడిచ్చిన ప్రతిఫలం అని ఆ పేరు పెడతారు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల, ఏ నష్టమూ లేని ఇళ్లలో కూడా అది కొనసాగుతుంది. ఇక్కడికి వచ్చి స్థిరపడినవారు ఇక్కడి ఆడపిల్లలను పెళ్లి చేసుకుని, ఇక్కడి పేర్లు పెట్టుకోసాగారు. అలా ఆ పేరు మన వైపు పలచబడిపోయింది.

అంతా చెప్పి నావైపు తిరిగాడు. "బదులనంగనే పాతది వోయి కొత్తదొచ్చిందనుకుంటరు. గట్ల గాదు బేటీ. నాకంటె ముందుగాల ఇద్దరన్నలు వోయిండ్రు. మా అమ్మ నన్ను పిలిచినప్పుడల్ల గాళ్లను గూడ తలుసుకునేది. ముగ్గుర్ని ఒక్క పేరుతోని పిలిచేది."

మరునాడు మధ్యాహ్నం, బీడీల వేళకు, తాతయ్య ఆపా వాళ్ల పంచలోకి వచ్చి నిలబడ్డారు. ఆడవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. బావగారు మంచం మీద ఉన్నాడు. జగిత్యాల ముచ్చట చెబుతారని నేను ఎదురుచూశాను. ఆయన పెద్దమ్మ వైపు తిరిగి, నన్ను చూపించి, "అమ్మా, గీ పిల్ల మీకెక్కడ దొరికింది?" అని అడిగారు.

పెద్దమ్మకు నవ్వాగలేదు. "ఎక్కడేంది సారూ, మీ ఇంటెన్క పెంటల!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మకు నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. మాలో అటువంటి ఇంట పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెడతారు. పిల్లలు నిలిచిన పొరుగింటామె ఒకరు వచ్చి, నాకు దొరికిందంటూ ఎత్తుకుంటుంది. తల్లి నూకలో తవుడో ఇచ్చి తిరిగి కొనుక్కుంటుంది. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుని చావు పక్కనుంచి వెళ్లిపోవాలని ఆశ. నన్ను ఎత్తుకున్నది పెద్దమ్మ. బడి రిజిస్టరులో నాకు చక్కని పేరుంది; ఇంట్లో నేను పెంటమ్మను. ఆ పేరు బయట ఎవరైనా పలికితే రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు.

"ఎంతకిచ్చిండ్రు మాకు?"

"సోలెడు నూకలకు. గవ్వి గూడ పుర్గులు వట్టినయి!"

పంచంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. తాతయ్య నవ్వలేదు.

"అయితే గిది మా పిల్ల గాదు. పేర్లనే ఉన్నది, పెంటల దొరికిందని. తండ్రి పేరు కొట్టెయ్యమని రేపు బడికి రాసిస్త."

"ఓ సారూ, గదేం మాట!" అని ఒకామె చాట కింద పెట్టేసింది. "పేరు గట్ల వెట్టుకున్నంత మాత్రాన బిడ్డ గాకుంట వోతదా?"

"మా పెద్దోడు పుల్లయ్య," అన్నది మరొకామె. "ఎంగిలి పుల్లిస్తరాకుల మీద పొర్లిచ్చి పెట్టిన పేరు. ఆడు నా కడుపున పుట్టలేదా?"

ఎవరికి వారే తామన్న మాట విన్నారు. పుల్లయ్య తల్లి ఒళ్లోని ఆకు వైపు చూస్తూ ఉండిపోయింది. అప్పుడు ఆయన నన్ను ముందుకు పిలిచి, జగిత్యాలలో విన్నది చెప్పమన్నారు. మొదట నేనన్నది తప్పని ఒప్పుకుని, తరువాత విన్నది విన్నట్టు చెప్పాను.

మంచం మీద బావగారు ఇంకా సందేహంగానే, "ఏదైతేంది, పేరు మంచిగుండాలె గదా," అని గొణిగాడు. పెద్దమ్మ కొడుకువైపు తిరిగింది.

"అరే, నువ్వు గూడ ఒకలు వోయినంకనే పుట్టినవ్. ఫకీరని పేరు వెట్టిన నీకు. భిచ్చమెత్తుకుంటున్నవారా? బుద్ధిగ మగ్గం నడుపుకుంటలేవా?"

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఆయన కూడా నవ్వాడు. ఆ ఉత్తరం రాయలేదు. సాయంత్రం బస్సుకు సిరిసిల్ల వెళ్లిపోతూ, పసివాడి తల మీద ఒకసారి చెయ్యి పెట్టాడు.

తాతయ్య దృష్టిలో పని అక్కడితో పూర్తి కాలేదు. ఆనాడు పంచలో లేని ఏడిళ్లకూ నన్ను ఒంటరిగా పంపారు. చెప్పిన నోటితోనే పోయి మార్చి చెప్పాలన్నారు. ఆరిళ్లలో విని, సరేనన్నారు. ఏడో ఇంట్లో ఒక ముసలమ్మ మొత్తం శ్రద్ధగా విని, "నువ్వు ముందుగాల చెప్పిందే మంచిగుండెనే పిల్లా," అన్నది. బహుశా ఆ ఇంటి నుంచే ఆ కథ ఇప్పటి పెళ్లిపందిళ్ల దాకా నడిచి వచ్చి ఉంటుంది.

చివరగా ఆపా దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడిగే మాటలు బస్సులోనే కూర్చుకున్నాను, నోట రాలేదు. ఆమె పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టింది. ఇన్నాళ్లూ బయటివారి ఎదుట ఆ పేరు పలకడానికి తనకు జంకుగా ఉండిందనీ, ముందు నేనే గట్టిగా పిలవాలనీ అన్నది. పంచ అవతల వీధికి వినిపించేలా పిలిచాను. పిల్లవాడు నిద్రలోంచి కదలనైనా లేదు. ఆపా మాత్రం గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆ క్షణంలో ఆమె ఎందరిని తలుచుకున్నదో నాకు తెలుసు.

అతని తండ్రి నాలుగేళ్ల తరువాత వచ్చి కొడుకును తొలిసారి చూశాడు. తాతయ్య అప్పటికి లేరు.

నేను తరువాత ఉపాధ్యాయినినై, ప్రధానోపాధ్యాయినిగా విరమించాను. ఎన్నో ఏళ్లు ప్రవేశాల రిజిస్టరు నా చేతుల మీదుగా నడిచింది. దుబాయి, మస్కట్, భీవండి అని తండ్రుల చిరునామాలు మారిపోతున్న కాలంలో, తల్లులే పిల్లలను తెచ్చి చేర్పించేవారు. పేరు బాగాలేదు, మార్చి రాసుకోండి మేడమ్ అని వాళ్లే అడిగినప్పుడు కూడా, మొదట ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పమనేదాన్ని. చెప్పడం పూర్తయ్యాక చాలామంది మార్చవద్దనేవారు. తెలిసిన మాటైనా, అది మోసే మనిషిని అడగకుండా దాని అర్థం చెప్పకూడదన్న నియమం ఆనాటి నుంచి నాతో ఉంది. అది నాకు సహజంగా అబ్బిన గుణం కాదు. ఇప్పటికీ ప్రయత్నపూర్వకంగానే పాటిస్తున్నాను.

ఆ పేరును గురించి నేను రాసినదంతా చిన్నతనంలో ఒక్కసారి విన్నది. నాకు అరబ్బీ రాదు. ఆ భాష ఎరిగినవారు, జగిత్యాల చావూష్ కుటుంబాల చరిత్ర తెలిసినవారు ఇందులో పొరపాట్లు కనిపిస్తే నిస్సంకోచంగా దిద్దవలసిందని కోరుతున్నాను. దిద్దించుకోవడానికి నాకు నామోషీ లేదు. ఒక్క విషయంలో మాత్రం దిద్దుబాటు అక్కరలేదు. ఎవజ్ ఆ తల్లి కన్నబిడ్డ.