ఆ ఒక్క లైను నేను రాసిందే

ఆరేళ్లుగా ఒక మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. ముఖం తెలియని మీకైతే చెప్పగలనేమో అనిపిస్తోంది.

మాది ఎమ్మిగనూరు, నేత కుటుంబం. ఆదోనిలో ఒక బట్టల కొట్టు మేడ మీదున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేసేదాన్ని. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఖాజా అక్కడ నాతో పనిచేసేవాడు, నాకంటే రెండేళ్లు చిన్న. పని నేర్పింది నేనే. పత్తి మార్కెట్ వాళ్లకు తూకం చీటీలు రాసే యాప్ ఇద్దరం కలిసి చేస్తున్నాం. అందులో కష్టమైన భాగమంతా నాది. నేను సెలవులో ఉన్న రోజు చూసి, అంతా తనదేనని ఓనరుకు చూపించాడు. యాప్ బాధ్యత అతని చేతికిచ్చారు. నమ్మినవాడే నట్టేట ముంచాడు. ఆ మాట ఇప్పటికీ అంటాను. తమ్ముడిలా చూసుకున్నవాడు ఇంత పని చేస్తాడా అని బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఆ వారమే, వేరే పని కోసం, అందరం వాడే ఆఫీసు కంప్యూటర్లో, కోడ్‌ను యాప్‌గా మార్చే జావా సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ పెట్టాను. అది ఎక్కడుందో చెప్పే లైను నా లాగిన్‌లో రాసుకోవాలి. తొందరలో అందరికీ వర్తించే సిస్టమ్ సెట్టింగుల్లో రాసేశాను. అది పొరపాటే, నమ్మండి. మర్నాడు ఖాజా తన కోడ్‌ను యాప్‌గా తయారు చేద్దామని బిల్డ్ కొడితే, స్క్రీన్ నిండా తప్పులు చూపించే ఎర్రటి అక్షరాలు. కంప్యూటర్ కొత్త జావాను వదిలి పాతదాన్ని పట్టుకుంది. చూడగానే నాకు అర్థమైంది. అప్పుడు చెప్పలేదు.

మా ఇంట్లో మగ్గం మీద నుంచి లేచేవాళ్లు, తర్వాత కూర్చునేవాళ్లకు ఏ పోగు తెగిందో, ఎక్కడ అతికారో చెప్పి లేవాలి. చెప్పకుండా లేస్తే నాన్న రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. అలా పెరిగినదాన్ని. నోరెందుకు రాలేదు? రాలేదా, నేనే రానివ్వలేదా?

మూడు రోజులు అతను రాసింది చెరిపి మళ్లీ రాశాడు. మూడో రోజు మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నువ్వేమన్నా సిస్టమ్ సెట్టింగులు మార్చినావా?"

"నేను యాడ మార్చినా? నీ కోడే సరిగ్గా సూసుకో. యాపు నీదే కదా."

"నిన్ను అనుమానించినా. ఏమనుకోవాకు అక్కా," అన్నాడు.

మార్కెట్‌కు పత్తి రావడం మొదలైనా యాప్ తయారు కాలేదు. ఓనరు అతన్ని పనిలోంచి తీసేశాడు. అతను వెళ్లిన మర్నాడు నేను ఆ లైను తీసేశాను. బిల్డ్ ఒక్కసారికే అయింది. అందరి ముందు ఓనరు మెచ్చుకుంటే నవ్వాను కూడా. అతను చేసింది ద్రోహమే. మరి నేను చేసినదాన్ని ఏమనాలి? నాకు జరిగిన అన్యాయాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా, ఆ నవ్వు దగ్గరికి వచ్చేసరికి మాట తడబడుతుంది.

ఇప్పుడు ఖాజా ఆదోనిలోనే సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. పోయిన నెల నా ఫోన్ అద్దం పగిలితే, తెలియక అతని కొట్టుకే వెళ్లాను. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పక్కనున్న మనిషితో, "ఈ అక్కనే నాకు కంప్యూటర్ నేర్పించింది. నా బుర్రకే ఎక్కలేదు," అన్నాడు.

ఎక్కింది ఖాజా. నీ కోడ్‌లో తప్పు లేదు. ఈ రెండు మాటలు ఆ కుర్చీలో కూర్చుని అనలేకపోయాను. ఇక్కడ రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. అతను మాత్రం ఇంకా తనకు చేతకాదనే అనుకుంటున్నాడు.