జోనాలి ఎక్కే ఆటో

బొగ్గుబావి పని మానేశాక సదానందం గోదావరిఖనిలో బడిపిల్లల ఆటో నడుపుతున్నాడు. ఒక్కొక్కరినీ చంకల కింద చేతులు వేసి ఎత్తి కూర్చోబెడతాడు. కాళ్లూ చేతులూ లోపలే ఉన్నాయని చూసుకున్నాకే బండి కదిలిస్తాడు. అస్సాం నుంచి పనికి వచ్చినవాళ్ల కూతురు జోనాలిని మిగతా పిల్లలు "చైనా, చైనా" అని ఏడిపిస్తుంటే మొదట్లో అతనూ నవ్వాడు. నెల తిరిగేసరికి ఆ ఏడేళ్ల పిల్ల మాట్లాడటమే మానేసింది. ఒకరోజు అద్దంలో చూస్తే, కళ్లు పెద్దవి కావాలని రెప్పలను వేళ్లతో సాగదీసుకుంటోంది.

ఆ సాయంత్రమే సదానందం, అందరికంటే ఎక్కువ ఏడిపించే పిల్లవాడి తండ్రి, ఇంజనీరు విష్ణువర్ధన్‌తో సంగతి చెప్పాడు. ఇంజనీరుగారు నవ్వేశారు. "పిల్లలన్నాక ఆటపట్టించుకుంటారయ్యా. దీనికింత రాద్ధాంతమా?"

"ఆ మాట పిల్లలకు పుట్టుకతోటి రాలే సారూ. మనం అంటె విని నేర్చుకున్నరు. నేను గూడ నవ్విన, నాది తప్పే. మీరు మీవోనికి చెప్పాలె. చెప్పకుంటె వేరే ఆటోల పంపుండ్రి. ఆ బిడ్డ మాత్రం నా బండి దిగదు."

మర్నాడు ఆటోలో విష్ణువర్ధన్ కొడుకూ, ఇంకో పిల్లవాడూ తగ్గారు. సదానందం బజారు మధ్యలో బండి ఆపి వెనక్కి తిరిగాడు. "నన్ను మన్నించు బిడ్డా. నీ పేరేందో వీళ్లకు చెప్పు."

"జోనాలి," అంది ఆ పిల్ల, పెదవులు కదిలీ కదలకుండా.

"ఇంకా గట్టిగ!"

"జోనాలి!"

కూరగాయలు బేరమాడుతున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.